బీబమ్మత్త వేసిన ఇసుక గద్దె

సర్వకృపానిధియైన దేవునికి మహిమ కలుగును గాక. మాటలు వచ్చినవారి స్తోత్రాన్నీ, మాటలు రానివారి కేకనూ ఒకే చెవితో ఆలకించే తండ్రికి వందనాలు. ఏ సంగతి చెప్పబోయినా ముందు ఆయనను తలుచుకోవడం మా ఇంట్లో నేర్పిన అలవాటు. ఈ సంగతికి అది మరీ అవసరం. ఎందుకంటే నా జీవితంలోకెల్లా పెద్ద పాఠాన్ని ఆయన నాకు మందిరంలో చెప్పించలేదు, సినిమా డేరాలో చెప్పించాడు.

నిన్న మా చర్చి వసారా మరమ్మతుకని ఇసుక దింపారు. మేస్త్రీ దగ్గర పనిచేసే ఆమె దుమ్ము లేవకుండా దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది. ఎండకు కాగిన ఇసుక నీళ్లు తాగి వదిలిన ఆ వాసన తగిలేసరికి నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. డెబ్బై అయిదు దాటిన దాన్ని మళ్లీ పద్నాలుగేళ్ల పిల్లనై, మైపాడు దారిలో సరుగుడు తోపు పక్కన నిలబడ్డాను.

అరవైల మొదట్లో ఎండాకాలం రాగానే ఆ తోపు దగ్గర టూరింగ్ టాకీసు దిగేది. గుడ్డ డేరా, చుట్టూ తడికెలు, నేల క్లాసులో మగవాళ్లకూ ఆడవాళ్లకూ నడుమ మరో తడిక. ఆడవాళ్ల ద్వారం దగ్గర బీబమ్మ అనే ఆమె ఉండేది. సాయిబుల ఇంటి మనిషి, యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక డేరాతోపాటే ఊరూరా తిరిగేది. పిల్లలందరికీ ఆమె బీబమ్మత్త. టికెట్లు చింపడం, పోట్లాటలు తీర్చడం, మధ్యాహ్నమే నేలంతా నీళ్లు చల్లడం ఆమె పని. ఆ నేల మీద ఆడవాళ్లకు ఒక అలవాటుండేది. కూర్చోబోయే ముందు రెండు చేతులతో ఇసుక పోగేసి గద్దెలా చేసుకునేవాళ్లు. ముందామె జానెడు లేపితే వెనకామె మూరెడు లేపాలి, లేకపోతే తెర కనపడదు. అందుకే బొమ్మ మొదలయ్యే ముందు బీబమ్మత్త వరసల మధ్య నడుస్తూ గద్దెలన్నీ కాలితో చదును చేసేది. "దిగండిమే, దిగండి! సింహాసనాలు మీ ఇండ్లల్లో ఏసుకోండి" అనేది. కరణం గారి భార్యదైనా, చేపలమ్మే ఆమెదైనా, ఏ గద్దెనూ ఉంచేది కాదు.

మా నాయన సంఘ పెద్ద. ఇంట్లో సినిమా మాట ఎత్తకూడదు. మా అక్క దీనమ్మ నాకన్నా మూడేళ్లు పెద్దది. పసితనంలో వచ్చిన జ్వరం ఆమె మాటనూ, ఎడమకాలి సత్తువనూ తీసుకుపోయింది. సంతోషం కలిగితే గొంతు లోపలి నుంచి పెద్ద కేక వేసి చేతులు చరిచేది. ఆ కేక వల్లనే ఆమెను మందిరానికి తీసుకువెళ్లేవాళ్లం కాదు. ఆదివారం పొద్దున తలకు నూనె రాసి, ఉతికిన పావడా కట్టి, నట్టింట్లో కూర్చోబెట్టి, బయట గొళ్లెం పెట్టి అందరం ఆరాధనకు వెళ్లేవాళ్లం. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

సాయంత్రం డేరా మైకులో పాట మొదలైతే చాలు, అక్క కుంటుకుంటూ వాకిలి దాకా వచ్చి అటే చేయి చూపించేది. ఒకసారి నాయన కొడవలూరులో ప్రార్థన కూటాలకు వెళ్లినప్పుడు మా అమ్మ ఉండబట్టలేకపోయింది. "ఒక్క పూట తీసకపోవే. దేవుడు దాని మొహం జూసి మనల్ని క్షమిస్తాడు" అని మమ్మల్ని మొదటి ఆటకు పంపింది.

ద్వారం దగ్గర బీబమ్మత్త అక్కను పైనుంచి కిందికి చూసి, "ఏంది పెళ్లికూతురా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అంది. అక్క సిగ్గుపడి నా భుజం వెనక దాక్కుంది. అంతవరకూ బాగానే ఉంది. కాసేపటికి తెర మీద వాన కురిసింది. వానలో ఎవరో పాట అందుకున్నారు. అక్క ఒక్కసారిగా కేక వేసి చేతులు చరిచింది.

"ఎవరుమే అది, పాట వినపడలా!" అని ముందు నుంచి ఒకామె. "అట్టాంటిదాన్ని తెచ్చి మా నెత్తిన పెట్టినారే!" అని ఇంకొకామె. మందిరంలో వాక్యం నడిచేటప్పుడు దగ్గు వచ్చినా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలని నేర్చుకున్న పిల్లను. నేర్చిన ప్రకారమే చేశాను. అక్క నోటిని అరచేత్తో మూసేశాను. ఆమె తల విదిలించింది. ఇంకా గట్టిగా నొక్కాను. నా వేళ్ల మీద కన్నీళ్లు పడ్డాయి. అయినా తీయలేదు.

ఆ డేరాలో బొమ్మ వేసే మిషను ఒకటే. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. వెలుగు వచ్చేసరికి బీబమ్మత్త మా ముందు నిలబడి ఉంది.

"తియ్యి చెయ్యి."

తీశాను. అక్క పెదవుల చుట్టూ నా వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"అందరూ తిడుతుండారత్తా" అన్నాను.

"తిడితే నన్ను గదా తిట్టాల, లోపలికి పంపింది నేను. నీకు సిగ్గయితే నువ్వు బో ఆ పక్కకు. ఈ బిడ్డను నాకాడ వదిలిపెట్టు."

తర్వాత మొదట అరిచిన ఆమె వైపు తిరిగింది. "ఏం కాంతమ్మా, మొన్న ఈరోయిన్ సచ్చిపోతే నువ్వు గుండెలు బాదుకోని ఏడిస్తివే, మగోళ్లు తడిక మీంచి తొంగి జూసినారు. ఆ పొద్దు నేనేమన్నా అన్నానా?" ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. "ఏడుపు రాకుండా ఎట్టుంటాది బీబమ్మా" అని కాంతమ్మ కూడా నవ్వేసింది. "దీనికి సంతోషం రాకుండా ఎట్టుంటాది మరి?" అంది బీబమ్మత్త.

అంతటితో ఆగలేదు. మైకు పెట్టె కట్టిన గుంజ దగ్గర వంగి, రెండు చేతులతో ఇసుక పోగు చేయడం మొదలుపెట్టింది. అందరి గద్దెలూ తన్నే మనిషి మా అక్క కోసం తడి ఇసుకతో గద్దె వేసి, గుంజకు వీపు ఆనేటట్టు ఆమెను కూర్చోబెట్టింది. ఆ మూలన ఎవరికీ తెర అడ్డం రాదు, పాట హోరులో అక్క కేక ఎవరినీ అంతగా బాధించదు. "పాటలప్పుడు అరవనీ. బొమ్మలో మాటలు వచ్చినప్పుడు దీని వీపు నిమురు. నోటి జోలికి మటుకు బోబాక" అని నాకు చెప్పింది. మిగిలిన ఆట అంతా అక్క వీపు నిమురుతూనే ఉన్నాను. బొమ్మలో ఏం జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు.

నాయన తిరిగి వచ్చేలోపే ఊరంతా తెలిసిపోయింది. ఆయన బెత్తం తీయలేదు, అన్నం మాత్రం ముట్టలేదు. అది చూసి నేనే దగ్గరికి పోయాను. "డేరాకు పోయినందుకు గాదు నాయనా, అక్క నోరు మూసినాను. అందుకు కొట్టు" అని జరిగిందంతా చెప్పాను. ఆయన తలుపు వైపు చూశాడు. తర్వాత, "ఆదివారం ఆ గొళ్లెం ఎవరు పెట్టేది?" అని అడిగాడు. "నువ్వే నాయనా" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా మా నాయన సినిమా డేరాకు నడిచాడు. బీబమ్మత్త నీళ్లు చల్లుతోంది. పోట్లాటకు వచ్చాడనుకుని బిందె కింద పెట్టింది.

"అమ్మా, మా బిడ్డ అరిస్తే నువ్వేం జేసినావో నాకు గూడా చెప్పు. మందిరానికి తీసకపోదామని ఉంది" అన్నాడు.

ఆమె పవిట సర్దుకుంది. "దాందేముందయ్యా! ఎక్కడ కూర్చోబెట్టాలో ముందే జూసుకోవాల. మీ దగ్గిర పాటలు పాడేవాళ్లు ఉంటారు గదా, వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఇంకో మాట. పెద్దోళ్లు ఎవరన్నా దానికాడ కూర్చుంటే, మిగతావాళ్లు నోరెత్తరు."

ఆ ఆదివారం అక్క మందిరంలో అడుగుపెట్టింది. డోలు వాయించే ఆయన పక్కన చాప వేశాము. కీర్తనలప్పుడు కేక వేసింది, ఎవరూ పట్టించుకోలేదు. ప్రార్థన నడుస్తుండగా మళ్లీ వేసింది. ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ఆపారు. అప్పుడు మా నాయన పెద్దల బెంచీ మీది నుంచి లేచి, మగవాళ్ల వరసలు దాటి, ఆడవాళ్ల చాపల అంచున అక్క పక్కన నేల మీద కూర్చున్నాడు. అంతకు ముందు మా సంఘంలో ఏ మగవాడూ అలా కూర్చోలేదు. ఆయన చేయి అక్క వీపు మీద ఉంది. అది చూసి అయ్యగారు ప్రార్థన ఆపిన చోటు నుంచే మళ్లీ అందుకున్నారు.

అందరూ మారిపోయారని చెబితే అబద్ధమవుతుంది. ఒక కుటుంబం చాలాకాలం వెనక గోడ దగ్గరే కూర్చుంది. ఒక పెద్దావిడ అక్క కేక వేసినప్పుడల్లా చెవులు మూసుకునేది. కానీ ఆ గొళ్లెం మళ్లీ పడలేదు. ఆ తర్వాత అక్క బతికిన నాలుగేళ్లూ ప్రతి ఆదివారం మందిరంలోనే ఉంది. నాయనకు సినిమా మీద అభిప్రాయమూ మారలేదు. మరుసటి ఏడు డేరా దిగినప్పుడు అక్కను తానే ద్వారం దాకా నడిపించి, ఆట అయ్యేవరకూ డేరాకు వీపు పెట్టి తోపులో నిలబడ్డాడు. "లోపలికి రాగూడదా పెద్దాయనా, దోమలు పీక్కు తినేస్తాయి" అని బీబమ్మత్త ఎగతాళి చేస్తే, "నీ డేరా నీది, నా దోమలు నావి" అన్నాడు.

ఆ తర్వాత డేరా కావలి వైపు వెళ్లిపోయింది. బీబమ్మత్తను నేను మళ్లీ చూడలేదు. ఆమె సమాధి ఎక్కడుందో తెలియదు. నలభై ఏళ్లు ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. అల్లరి పిల్లలు, నత్తి పిల్లలు, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు ఎందరో వచ్చారు. వాళ్లను ఊరుకోబెట్టాలన్న తొందర మొదట నాలోనే పుట్టేది. ఇప్పటికీ పుడుతుంది. దాన్ని అణచుకుని, ఈ బిడ్డకు ఎక్కడ కూర్చుంటే హాయిగా ఉంటుందో వెతకడమే నేను నేర్చుకున్న భక్తి. సినిమావాళ్ల మనిషిని, అందులోనూ వేరే మతస్థురాలిని, నీ ప్రార్థనలో ఎందుకు తలుస్తావని కొందరు అడుగుతారు. దేవుడు ఆమె చేత పంపిన ఉపకారాన్ని నేనెలా దాచిపెట్టగలను?

చదివిన మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, ఇతరులకు ఇబ్బంది అవుతుందని ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్లను ఈ పూట మాకు గుర్తుచెయ్యి. వాళ్లను పిలుచుకు రావడానికి మాకున్న సిగ్గును తీసివెయ్యి. వాళ్ల పక్కన కూర్చునే ధైర్యం మాకియ్యి. ఆమేన్.