హోల్డాన్ అనంతయ్య

అనంతయ్య గొప్పతనమంతా పడటంలోనే ఉంది. అయిజ మార్కెట్ యార్డు షెడ్డులో పొద్దున్నే యోగా చేసేవాళ్లలో శీర్షాసనం వేయబోయి పడేవాళ్లు చాలామందే ఉన్నారు. అనంతయ్య పడటం మాత్రం వేరు. ఆయన పడ్డాడంటే షెడ్డు రేకుల మీది పావురాలు గద్వాల దాకా ఎగిరిపోయి మధ్యాహ్నానికి గానీ తిరిగొచ్చేవి కావు.

ఉద్యోగమంతా రాయచూరు బస్సులో కండక్టరుగా గడిచింది. మనిషి రిటైరైనా నోరు రిటైరు కాలేదు. యోగాకొచ్చిన వాళ్లను "బన్ని బన్ని, జర ముందలికి జరగాలె" అని సగం కన్నడంలో పిలిచి సర్ది కూర్చోబెట్టేవాడు. టీచరు అర్చన "శీర్షాసనం" అనగానే తల నేలకానించి, "రైట్ రైట్" అంటూ కాళ్లు లేపేవాడు. కాసేపటికి "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచి, పక్కన పరుచుకున్న బొంతల మీద పల్లికాయ బస్తాలా దొర్లేవాడు.

"ఇయ్యాల ఏమైంది కాకా?" అని అర్చన అడిగేది.

"బ్రేకులు పడలే మేడం."

మరునాడు టైరు పంచరయ్యేది. ఇంకోనాడు "స్టేజీ వచ్చింది, దిగిన" అనేవాడు.

బస్టాండు దగ్గర మిషను కుట్టే స్వరూపకు ఈ కాకా అంటే ప్రాణం. ఆమె యోగాకు వచ్చిన మొదటిరోజే కాళ్లు లేపబోయి పక్కకు ఒరిగి పడింది. అందరూ కిసుక్కున నవ్వారు. మిషను మీద వంగి వంగి నడుము పట్టేసిన మనిషి ఆమె. ఇంట్లోవాళ్లు గానీ, జాకెట్ల కోసం వచ్చేవాళ్లు గానీ పిలవని గంట రోజు మొత్తంలో ఆమెకిదొక్కటే. అయినా చాప చుట్టేసింది.

"తల కిందికి వెడితేనే పానం పోయినట్టయితది మేడం. మీదికెళ్లి గీ నవ్వులొకటి. ఇంకోపారి నవ్విన్రంటే నేను రాను" అని అర్చనతో తేల్చి చెప్పింది. పక్కనే చెప్పులు తొడుక్కుంటున్న అనంతయ్య వినీ విననట్టు వెళ్లిపోయాడు.

అదృష్టమేమో గానీ, ఆ మరునాటి నుంచి ఆమె పడ్డప్పుడల్లా అనంతయ్య కూడా పడ్డాడు. ఈమె చడీచప్పుడు లేకుండా పడితే ఆయన షెడ్డు దద్దరిల్లేట్టు పడేవాడు. నవ్వులన్నీ అటే పోయేవి. ఈలోగా ఈమె చున్నీ సర్దుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. తనకన్నా అధ్వానమైన వాడు ఒకడున్నాడని ఆమెకు ఎంత ధైర్యమో చెప్పలేం. పోనుపోను ఆయన మీద జాలి కూడా పుట్టుకొచ్చింది.

"మోచేతులు దగ్గరికి వెట్టు కాకా. భయపడకు, నేనున్న గద."

"ఏం జేయాలె బిడ్డా, తలకిందులైతే దేవుళ్లందరు యాదికొస్తరు."

ఆయనకు నేర్పీ నేర్పీ ఒకనాటి పొద్దున స్వరూప కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి. రేకులు కిందికీ, పల్లికాయ బస్తాలు పైకీ వెళ్లిపోయాయి. ఆ తలకిందుల లోకంలో పక్కకు చూస్తే అనంతయ్య కనిపించాడు. స్తంభంలా నిటారుగా ఉన్నాడు. కాలు వణకడం లేదు, ముఖాన చెమట చుక్క లేదు. తీరిగ్గా కళ్లు తిప్పి ఈమె పాదాలనే కనిపెట్టుకుని ఉన్నాడు.

ఇంతలో ఆమె కుడికాలు ఊగింది.

"హోల్డాన్!" అని కేకేసి ఆయన ధన్‌మని పడ్డాడు. అందరూ అటు తిరిగారు. స్వరూప మాత్రం ఊగిన కాలును నిలదొక్కుకుని అలాగే నిలబడింది.

బొంతల మీద నుంచి తలెత్తి చూసి ఆయన నోరెళ్లబెట్టాడు.

"అరే, నువ్వు పడలేదా బిడ్డా?"

"పడలే కాకా."

"మరి నేనెందుకు పడ్డ? ఉత్తపుణ్యానికి పడ్డ గద!"

స్వరూప మెల్లగా కాళ్లు దించింది. నవ్వొచ్చింది, ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది. "నీకు మొదట్నుంచే వస్తది గదా కాకా?"

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. నా డ్యూటీ పోతది."

అర్చన పక్కకొచ్చి స్వరూప చెవిలో ఊదింది. "నీకన్న ముందు ఒక బ్యాంకు సారు కోసం ఎండాకాలమంత పడ్డడు."

ఆ తర్వాత కొన్నాళ్లకు కూరగాయలమ్మే భీమమ్మ యోగాలో చేరింది. మొదటిరోజే ఆమె కాళ్లు లేపడం, అవి గజగజా వణకడం చూసి అనంతయ్య "హోల్..." అని నోరు తెరిచాడు. ఆ మాట పూర్తి కాకముందే అవతలి మూల నుంచి "అయ్యో, నేను సచ్చిన!" అని షెడ్డు ఎగిరిపోయే కేక వినబడింది. స్వరూప ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతల మీద దభీమని పడింది.

అనంతయ్య తలకిందులుగానే కోప్పడ్డాడు. "ఏందిది స్వరూపా? ఒక్క బస్సుకు ఇద్దరు కండక్టర్లా?"

"నువ్వు రిటైరైనవ్ గద కాకా. ఇగ ఊకో."

ఆయన ఊరుకున్నాడు. ఆ రోజు పడకుండా చివరిదాకా నిలబడ్డాడు. అందరూ స్వరూపను చూసి నవ్వడంలో ఉన్నారు కాబట్టి ఆ ఘనకార్యం ఒక్కరి కంట్లోనూ పడలేదు.

భీమమ్మ ఎప్పుడో పడి, ఎప్పుడో లేచింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ అర్చన దగ్గరికొచ్చింది.

"పాపం, ఆమెకన్న నేనే నయమున్న మేడం. రేపు గూడ వస్త."