రెండుగా కనిపించిన రోడ్డు

కోరుట్ల నుంచి జగిత్యాలకు షేర్ ఆటో నడిపేవాణ్ని. ఒక ఎండాకాలం, ఎదురుగా వచ్చే ప్రతి లారీ రెండు లారీలై రావడం మొదలైంది. దగ్గరివి బాగానే కనిపించేవి. దూరం చూస్తే రోడ్డు చీలిపోయేది. ఏది అసలు రోడ్డో తేల్చుకునేలోగా చక్రం అంచు దిగేది, వెనక కూర్చున్నవాళ్లు అరిచేవారు. తల లోపల, మెడ మొదలయ్యే చోట, మేకు దిగినట్టు నొప్పి.

నేను తాగుతున్నానని ముందు స్టాండులో అనుకున్నారు. తర్వాత నా భార్య అనుకుంది. నేను కల్లు కూడా ముట్టను. అయినా ఇంటికి రాగానే గడప దగ్గర ఆపి "నోరు ఊదు" అనేది. వాసన రాకపోతే ఆమె కోపం ఇంకా పెరిగేది.

"ఏం నములుతున్నవో గని, మంచిగ దాస్తున్నవ్."

ఒకసారి పోలీసులు ఆపి మిషన్‌లో ఊదించారు. సున్నా వచ్చింది. కానిస్టేబుల్ దాన్ని అరచేతికేసి కొట్టి మళ్లీ ఊదించాడు. మళ్లీ సున్నా. "అయితే గంజాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నా ఆటోలో ఉన్నవాళ్లు దిగి ఇంకో ఆటో ఎక్కారు.

ఎడమ కన్ను మూస్తే రోడ్డు ఒకటే అవుతుందని నాకు నేనే కనిపెట్టాను. అప్పటినుంచి అట్లాగే నడిపాను. అద్దంలో నన్ను చూసిన ఒక అమ్మాయి కన్ను కొడుతున్నాననుకుంది. మర్నాడు ఆమె అన్న స్టాండుకు వచ్చి నా చెంప పగలగొట్టాడు. ఎవరూ అడ్డు రాలేదు.

"తాగుడు సాలదని గిది గూడ షురు జేసినవా?" అన్నాడు స్టాండులో రోజూ నాతో చాయ్ తాగే ఇంకో ఆటో డ్రైవర్.

జగిత్యాలలో ఒక కళ్ల డాక్టర్ అద్దాలిచ్చాడు. వాటితో రెండు రోడ్లూ ఇంకా స్పష్టంగా కనిపించాయి. చాలా నెలల తర్వాత ఇంకో డాక్టరమ్మ తల కదపకుండా తన వేలినే చూడమంది. వేలు నా ఎడమకు జరిపింది. కుడి కన్ను దాని వెంట పోయింది, ఎడమ కన్ను మధ్యలోనే ఆగింది. ఆ కన్నును పక్కకు తిప్పే నరాన్ని ఏదో నొక్కుతోందని, వెంటనే తలకు స్కాన్ తీయించాలని చెప్పింది.

పుర్రె అడుగున, మెదడుకు పీటలా ఉండే ఎముకలో గడ్డ ఉంది. తల్లి కడుపులో వెన్నెముక తయారయ్యేటప్పుడు కరిగిపోవాల్సిన కణాలు కొన్ని మిగిలిపోయి, ఎప్పుడో పెరగడం మొదలుపెడతాయని, ఇది చాలా అరుదని హైదరాబాద్‌లో సర్జన్ చెప్పాడు. తాగుడు వల్ల వచ్చిందా అని నా భార్య అడిగింది. కాదన్నాడు.

"తాగుడైతే మంచిగుండు సారూ. తిట్టో కొట్టో మాన్పిస్తుంటి" అంది.

నేను వాళ్లిద్దరి మధ్యే కూర్చున్నాను.

ముక్కులోంచి వెళ్లి ఎముకను తొలిచి గడ్డ తీశారు. తర్వాత వంగితే చాలు, ముక్కులోంచి నీళ్లు కారేవి. అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు. తొడలోంచి కొవ్వు తీసి, మళ్లీ ముక్కులోంచే వెళ్లి ఆ రంధ్రం మూశారు. ఆపైన రేడియేషన్. ఒక ముక్క మాత్రం రక్తనాళానికి అంటుకుని ఉండిపోయింది. దాన్ని లాగితే మనిషి ఆపరేషన్ బల్ల మీదే పోతాడన్నారు. కన్ను మళ్లీ కదల్లేదు.

కోరుట్లకు వచ్చాక స్టాండువాళ్లు అరటిపళ్లతో చూడ్డానికొచ్చారు. నన్ను తాగుబోతన్నందుకు తప్పయిందని ఒక్కడూ అనలేదు. పోయేముందు ఒకడు అడిగాడు.

"ఇంక నడుపవు గదనే. ఆటో నాకిస్తవా?"

ఇచ్చేశాను. సిరిసిల్లలో మా వదిన వాళ్ల దగ్గరికి మారి, మరమగ్గాల షెడ్డులో బట్ట మడతపెట్టే పనికి కుదిరాను. కంటికి నల్లగుడ్డ కట్టుకుంటాను. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు, "ఒంటికన్ను" అంటే పలుకుతాను.

ఈ ఏడాది హైదరాబాద్‌లో తీసిన స్కాన్‌లో ఆ ముక్క పెరిగిందని తేలింది. బస్సులో తిరిగి వస్తున్నాం. సిద్దిపేట దాటాక నా భార్య నెమ్మదిగా అంది:

"ఒక్క మాటంట, ఏమనుకోకు. అప్పుడు గా బల్ల మీదనే పోతే బాగుండనిపిస్తది."

"ఎవలకు?"

"ఇద్దరికి."

ఆమె ఏడవడం లేదు. అబద్ధమూ చెప్పడం లేదు. నాకూ ఎన్నోసార్లు అట్లాగే అనిపించింది. కానీ పొద్దున ఆసుపత్రిలో ఆమె నీళ్లు తేవడానికి పోయినప్పుడు సర్జన్ నన్ను అడిగాడు, నేను సరేనని తల ఊపాను.

"మల్ల ఆపరేషనంట. ఒప్పుకున్న" అన్నాను.

"నన్ను అడగకుండనేనా?" అంది.