పాలు పోసిన చోటు

శ్రీశైలం దారిలో చూడాల్సినవి బోలెడున్నాయని మేం కారు ఎక్కీ ఎక్కకముందే డ్రైవర్ చెప్పాడు. నాకేమీ చూడాలని లేదు. అమ్మకు మల్లన్న దర్శనం చేయించి, ఉన్న ప్రాణంతో ఇంటికి తెచ్చుకుంటే చాలనుకున్నాను. దవాఖానలో ఇంక చేసేదేమీ లేదన్నాక ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. బాపు ముందు సీట్లో, అమ్మా నేనూ వెనక కూర్చున్నాం. కిరాయి కారులో కొట్టిన మల్లెపూల సెంటు పడక అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

శంషాబాద్‌లో ఇంటికి తాళం వేసే ముందు అమ్మ ఎప్పటిలాగే పెరట్లోకి వెళ్లి, సీతాఫలం చెట్టు కింది రాళ్ల మీద చెంచాడు పాలు పోసింది. "పోయొస్త బిడ్డా" అంది. ఆ బిడ్డ నాకు అన్న. నేను పుట్టకముందే, వాడికి పేరైనా పెట్టకముందే పోయాడు. మా వాళ్లు పసిబిడ్డలను కాల్చరు, సొంత చెల్కలోనే, చేని గట్టు పక్కన పూడ్చిపెడతారు. తర్వాత ఆ చెల్క విమానాశ్రయం కిందికి పోయింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు కొందరు తమవాళ్లను పెట్టిన చోట మట్టి తవ్వి, గుడ్డలో కట్టి, కొత్త ఇళ్లకు తెచ్చుకున్నారు. బాపు కూడా ఒక పొద్దున గడ్డపార పట్టుకుపోయి ఎర్రగుడ్డ మూటతో వచ్చాడు. "పిలగాణ్ణి తెచ్చిన" అని, దాన్ని సీతాఫలం చెట్టు కింద పాతి రాళ్లు పేర్చాడు. అప్పటి నుంచి అమ్మ పాలు పొయ్యని రోజు లేదు. తను లేవలేని రోజు నాతో పోయించేది.

తుక్కుగూడ చేరకముందే కారు మొదటిసారి ఆగింది. విమానాశ్రయం గోడ పక్క రోడ్డు అది. విమానాలు ఎగరడం మొదలై అప్పటికి రెండు మూడేళ్లయినా జనానికి మోజు తీరలేదు. పిల్లాపాపలతో వచ్చి ఆకాశంకేసి చూస్తున్నారు. ఒకామె మొక్కజొన్న కంకులు కాలుస్తోంది.

"దిగి చూడు అక్కా, గిసొంటిది మల్ల ఏడ దొర్కదు" అన్నాడు డ్రైవర్ అమ్మతో, అదంతా తనే కట్టించినట్టు.

అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. అంతలోనే ఒక విమానం మా నెత్తిమీదుగా కిందికి దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ రెండు చెవులూ మూసుకుంది. చప్పుడు తగ్గాక, "మన చెల్క ఏడికొస్తది?" అని బాపును అడిగింది.

గోడ అవతల ఎర్రదీపాల స్తంభాల వైపు బాపు వేలు చూపించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చెప్పులు విడిచి, తలకు చుట్టిన రుమాలు తీసి, అటు తిరిగి కళ్లు మూసుకుని మొక్కాడు. పోయినవాళ్లను పెట్టిన చోటికే మా ఇంట్లో అలా మొక్కుతారు.

"గటు దిక్కు ఎందుకు మొక్కుతున్నవయ్యా? వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నం గద" అంది అమ్మ.

బాపు కళ్లు తెరిచాడు. "ఊకెనే" అన్నాడు. రుమాలు తిరిగి తలకు చుట్టుకున్నాడు. అబద్ధమాడితే ఆయన ముఖం ఇట్టే పట్టిస్తుంది. నాకు ఆయన మీద కోపమూ జాలీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అమ్మ వెళ్లి కార్లో కూర్చుంది.

ఆ తర్వాత డ్రైవర్ మాత్రం ఏమీ తగ్గలేదు. మైసిగండి గుడి దగ్గర ఆపాడు. డిండి చెరువు కట్ట మీద ఆపాడు. అడవిలో కోతుల గుంపు కనబడితే అక్కడా ఆపాడు. అమ్మ ఎక్కడా దిగలేదు. ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని, ముందు సీట్లో బాపు మెడకేసి చూస్తూ ఉండిపోయింది. బాపు ప్రతిచోటా దిగి, ఏదీ చూడకుండానే వచ్చి కూర్చునేవాడు. "చూడనీకి వచ్చి చూడకపోతే ఎట్ల" అని డ్రైవర్ గొణిగాడు. అతని ముఖం మీద ఒకటి ఇవ్వాలనిపించింది నాకు.

పొద్దుగూకే వేళకు ఘాటు మలుపులో, డ్యాం కనిపించే చోట ఆపి, టీ తాగొస్తానని డ్రైవర్ వెళ్లాడు. కింద లోయలో నీళ్లు నల్లబడుతున్నాయి. బాపు వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"గడ్డపార తీస్కపోయిన. వాని మీద పోటు ఎయ్యనీకి చెయ్యి లేవలే. చానసేపు గాడనే కూసున్న. వచ్చేటప్పుడు తొవ్వల, బాట పక్క మట్టి ఇంత గుడ్డల కట్టుకొచ్చిన. ఇంట్ల నువ్వు ఏడ్సుకుంట ఎదురుచూస్తున్నవు. ఇగ ఏం చెప్పాలె."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితేనే బాగుండుననిపించింది. ఆమె సంచిలో కొబ్బరికాయలు అటూ ఇటూ సర్దింది. కిటికీ బయటికి చూస్తూ మాట్లాడింది. బాపుతోనూ కాదు, నాతోనూ కాదు.

"గంత చప్పుడుల వాడెట్ల పండుకుంటున్నడో" అంది.