బ్లేడు మందం సందు

చిత్తూరు సంతపేటలో మోటారుసైకిళ్లు బాగుచేసే మునస్వామికి రెండే పనులు వచ్చు. ఒకటి ఇంజను చూడ్డం, రెండు మనిషిని కొట్టడం. యుద్ధంలో నాలుగేళ్లు పట్టాళం వర్క్‌షాపులో పనిచేసి, నలభై ఆరులో ఊరికి తిరిగొచ్చి, ఇంటి ముందరే తాటాకు పందిరి వేసుకున్నాడు. పట్టాళం వాళ్లు వేలం వేసిన పాత బండ్లు మద్రాసు నుంచి ఈ పక్కకు వచ్చిపడుతున్న రోజులవి. కొన్నవాళ్లకు నడపడం వచ్చేది గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. అందుకే మునస్వామి నోటిదురుసు భరిస్తూ ఆ పందిరి కింద పడిగాపులు కాసేవాళ్లు.

బండి ఏ వేళకు తెచ్చినా ఆ రోజు ముట్టుకొనేవాడు కాదు. రాత్రంతా చల్లారాలి. తెల్లవారి ఇంజను పక్కనున్న చిన్న మూత విప్పి, వాల్వు కాడకూ దాన్ని పైకి తోసే ట్యాపెట్టుకూ నడుమ సందు చూసేవాడు. గడ్డం గీసుకొనే బ్లేడే అతని కొలత. గాలి పీల్చే వాల్వుకు ఒక బ్లేడు, పొగ వదిలే వాల్వుకు రెండు. బ్లేడు దూరాలి, దూరేటప్పుడు కొంచెం పట్టినట్టు వేళ్లకు తెలియాలి. ఆ పట్టు తన కుడిచేతి వేళ్లకు తప్ప ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదని అతని గర్వం. గర్వమే గానీ అబద్ధం కాదు.

ఇనుము కాగితే సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వు మూసుకోదు, ఇంజను బలం పోయి ఎత్తెక్కే చోట ఆగిపోతుంది. సందు ఉంటే మాత్రం టిక్కుటిక్కుమని సన్నగా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నచ్చక ఒక బట్టల షావుకారు ఇంట్లోనే ట్యాపెట్లు బిగించుకొని, బండి చెడగొట్టుకొని, తోసుకుంటూ వచ్చాడు. మునస్వామి మూత తీసి చూశాడు. మరలు బిగించే పాన తిరగేసి షావుకారు భుజం మీద ఒక్కటి వేశాడు. ఆ తర్వాత బండి బాగుచేసి ఇచ్చాడు. షావుకారు నోరెత్తలేదు. ఎత్తితే ఇంకెక్కడికి పోతాడు?

చిన్న జమీందారు లాంటి నల్లకోన మిట్టాదారు కొడుకు జయరావు మీద అలా చెయ్యెత్తడం కుదరదు. చెయ్యెత్తడమే అతని ఉద్యోగం. పట్టాళం బండెక్కి బంగారుపాళ్యం పక్క మామిడితోపుల్లో తిరుగుతూ గుత్తరైతులను చర్నాకోలతో బాదేవాడు. తోపు వదలనన్నందుకు పెంచలయ్య అనే రైతు గుడిసెను ఈ మధ్యనే తగలబెట్టించాడు, అతని పెండ్లాన్ని జుట్టు పట్టి ఈడ్పించాడు. ఎదురు తిరగలేని జనం ఎగతాళికి దిగారు. బండి చప్పుడును బట్టి అతనికి 'టిక్కుటిక్కు దొర' అని పేరు పెట్టారు. ఆ పేరు జయరావు చెవిన పడింది. ఆ సాయంత్రమే బండిని మునస్వామి పందిరిలో వదిలిపెట్టి, "పొద్దున్నకు సప్పుడుండకూడదు" అని చెప్పి వెళ్లాడు.

పొద్దున కుప్పయ్య అనే తన మనిషిని వెంటబెట్టుకొని వచ్చేసరికి మునస్వామి సందులు సరిగ్గా పెట్టి మూత వేశాడు. జయరావు బండిని తన్నాడు. ఇంజను అందుకుంది. టిక్కుటిక్కు.

"సప్పుడు తీసేయమంటిని కదరా?"

"తీస్తే బండి ఆగిపోతాది దొరా. సందుండాల."

జయరావు ఇంజను ఆపి, దిగి, చెంప మీద కొట్టాడు. మునస్వామికి కళ్లు బైర్లు కమ్మాయి, నోరు మాత్రం మూతపడలేదు. "కాగినాక వాల్వుకు సోటు కావాల్నా వద్దా? ఆగిపోతాదని సెప్తావుండా!" అని అరిచాడు. మీదికొచ్చిన కుప్పయ్య కనుబొమ్మను పానతో చీల్చాడు. నెత్తురు చూసేసరికి కుప్పయ్యకు పూనకం వచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని కిందేసి తొక్కారు. ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన అతని భార్య సుబ్బులమ్మను కడుపులో తన్నారు. మునస్వామి కుడిచేతిని లాగి దాగలి మీద ఆనించి, కుప్పయ్య సుత్తి ఎత్తాడు.

"తీస్తావా, తియ్యవా?"

"ఆగిపోతాది దొరా," అన్నాడు మునస్వామి మూడోసారి.

సుత్తి పడింది. చూపుడువేలు, నడిమివేలు నుజ్జయ్యాయి. అతని అరుపుకు వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

"తొందరగా కానీ," అన్నాడు జయరావు. "ఈ పొద్దే పెంచలయ్యను తోపులోనించి తరమాల. వాడి తోపు కొండగట్టు నడుమ ఉండాది, ఎక్కి పోవాల."

ఆ మాటతో మునస్వామి ఏడుపు ఆగింది. నొప్పి పోలేదు, దానిమీద కోపం వచ్చి కూర్చుంది. లేచి ఎడమచేత్తో పాన పట్టుకున్నాడు. రెండో పాన కుప్పయ్య చేతనే పట్టించి, రెండు ట్యాపెట్లూ వెంట్రుక కూడా దూరనంతగా బిగించాడు. జయరావు బండిని తన్నాడు. ఇంజను అందుకుంది, టిక్కుటిక్కు లేదు. దొర మొహం విప్పారింది.

"గట్టెక్కుతాదా?"

మునస్వామి అతని కళ్లల్లోకి చూశాడు. "ఎక్కుతాది పో దొరా."

సుబ్బులమ్మ చిరిగిన కొంగుతో భర్త చేతిని చుట్టి, బస్సెక్కించి పుత్తూరుకు తీసుకుపోయింది. విరిగిన ఎముకకు ఆ పక్కవాళ్లకు పుత్తూరు తప్ప వేరే దారి తోచదు. కట్టు కట్టే రాజు వేళ్లను సవరించి, పసరు పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. "వేళ్లు నిలుస్తాయి, వంగవు," అన్నాడు. ఇక ఎడమచెయ్యే దిక్కు అని మునస్వామికి అర్థమైంది.

మరునాడు వాళ్లు ఇంకా రాజు ఇంటి వసారాలోనే ఉండగా ఒక కారు వచ్చి ఆగింది. కుప్పయ్య, డ్రైవరు కలిసి జయరావును దించి, వాకిట్లోని మంచం మీద వేసి మోసుకొచ్చారు. రెండు మోకాళ్లూ చితికిపోయి ఉన్నాయి. గట్టు సగం ఎక్కేసరికి బండి దగ్గి, గుటకలు మింగి, సరిగ్గా తోపు ముందర ఆగిపోయిందట. పెంచలయ్య, ఇంకో పదిమంది కాయలు కోసే దోటీలతో వచ్చి చుట్టుకున్నారట. కుప్పయ్య పరిగెత్తి బతికాడు. మునస్వామికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకు తానే భయపడ్డాడు.

జయరావు అతన్ని చూసి మంచం దింపమన్నాడు. "ఒరే, అది ఆగుతాదని నీకు తెలుసునా?"

అవునంటే వదలరు. కాదంటే ఉన్న ఒక్క చేతితో ఇంటికి పోవచ్చు. సుబ్బులమ్మ ముందే పోయి మంచం కోడు పట్టుకుంది. "ఆయనకేం తెలుసు సామీ! పట్టాళంలో బండ్లు తుడిచినోడు. తెలీక బిగించినాడు. బిడ్డలుండారు, వదిలేయి సామీ!"

జయరావు నొప్పితో కళ్లు మూసుకున్నాడు. "నేనూ అదే అనుకొన్నా. పని తెలీని నా కొడుకు దగ్గరికి పోవడం నాదే తప్పు. పోనీరా కుప్పా."

కుప్పయ్య వెనక్కి తగ్గాడు. సుబ్బులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అంతటితో అయిపోయేదే.

"ఎవుర్రా పని తెలీనోడు?" మునస్వామి లేచి నిలబడ్డాడు. "ఆగిపోతాదని మూడుసార్లు సెప్పినా, సుత్తితో జవాబు సెప్పితివి. నాలుగోసారి అడిగితే ఎక్కుతాదన్నా. గట్టు నడుమ, ఆ తోపు ముందరే ఆగుతాదని తెలిసే బిగించినా. ఒక్క బారెడు అటో ఇటో ఆగింటే సెప్పు, నేను పని తెలీనోణ్ణే!"

వసారా అంతా నోరు తెరుచుకొని చూస్తూ ఉండగానే కుప్పయ్య పసరు నూరే గుండ్రాయి ఎత్తి, అతని ఎడమ మణికట్టు మీద వేశాడు. రెండోసారి తలకు గురిపెట్టేలోగా రాజు, కట్టుకు వచ్చిన నలుగురు మనుషులు మీదపడి లాక్కున్నారు. రాజు మళ్లీ వెదురుబద్దలు తీశాడు.

ఆ చెయ్యి కూడా సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు సుబ్బులమ్మే అతనికి అన్నం కలిపి పెట్టింది. పెట్టినప్పుడల్లా, ఆ పొద్దు తెలీదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది, చెయ్యన్నా మిగిలేది కదా అని తిట్టేది.

"పని తెలీనోడని ఒప్పుకున్నాక ఆ చెయ్యి నాకెందుకే?" అనేవాడు మునస్వామి, ముద్దకు నోరు తెరుస్తూ.