రేపు విప్పేవాడు

మా పెదనాన్నకు కళ్లెదుట ఉన్న మనుషుల కన్నా, ఇంకా కంటపడని ఒక మనిషి మీద బెంగ ఎక్కువ. ఆ మనిషి ‘రేపు విప్పేవాడు’. ఏది బిగించాలన్నా ముందు వాడి కష్టసుఖాలు విచారించాల్సిందే.

పడవల మరమ్మతు షెడ్డులో ఆయన పని, డెక్కు మీద తాళ్లు కట్టే క్లీట్లు బిగించి, బోల్టు సందుల్లోంచి నీళ్లు దిగకుండా సీలెంటు పెట్టడం. పడవల వాళ్లందరిదీ ఒకటే పాట.

“గట్టి గమ్ము పెట్టండి మేస్త్రీగారూ. జన్మలో ఊడకూడదు.”

“ఊడకపోతే రేపు విప్పేవాడేం కావాలి? డెక్కు చెక్కతో సహా పెళ్లగించాలా?”

“పోనీ సిలికాన్ పెట్టండి.”

“దాని జిడ్డు వదలదు. తర్వాత ఏం పూసినా అంటుకుని చావదు. వాడు నన్ను తిట్టుకుంటాడు.”

“ఎవడండీ ఆ వాడు?”

“వస్తాడు.”

చివరికి ఆయన తీసేది ఎప్పటికీ గట్టిపడని నల్లటి బంకటేపే. కన్నం అంచు కాస్త గీకి, బోల్టు మెడకు టేపు చుట్టి, నట్టు కొంచెం తిప్పి స్పానర్ కింద పెట్టేసేవారు. మిగతాది రేపు ఇంత, ఎల్లుండి ఇంత. బంక మెల్లిగా సర్దుకోవాలట. పడవల వాళ్లు జుట్టు పీక్కునేవారు.

ఇంట్లోనూ అదే వరస. పంచదార డబ్బా మూత ఊరికే ఆనించి పెట్టేవారు. పెద్దమ్మ మూత పట్టుకుని డబ్బా ఎత్తేది. మూత చేతిలో, పంచదార నేల మీద.

“మూత బిగిస్తే మీ సొమ్మేం పోయింది?”

“విప్పేవాళ్ల గురించి ఆలోచించాలే.”

“విప్పేది నేనేగా!”

“అందుకేగా వదులుగా పెట్టింది.”

నేను పడీపడీ నవ్వేదాన్ని. షెడ్డులో ఆ రంగుల వాసన, ఇంట్లో ఆ కీచులాటలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆయన రిటైరయ్యాక షెడ్డు నా చేతికొచ్చింది. మొదటి నెలలోనే ఒక పాత పడవ జెట్టీకి గుద్దుకుని క్లీటు వంచుకొచ్చింది. డెక్కు కింద గదిలో పడక మీదికి నీళ్లు కారుతున్నాయి. నాలుగు రోజుల్లో బయల్దేరాలి. బంక సర్దుకోవడానికే మూడు రోజులు కావాలి కాబట్టి క్లీటు ఆ రోజే ఊడాలి. “మీ పెదనాన్నగారుంటే బాగుండేది” అన్నాడు పడవ యజమాని నా మొహం మీదే. ఊడకపోతే ఆ మాట రేవంతా పాకుతుంది.

పడక మీద వెల్లకిలా పడుకున్నాను. మూడు నట్లు సులువుగా వచ్చాయి. నాలుగోది అడ్డదూలం వెనక నక్కింది. నాది ఎడంచేతివాటం. జనం నవ్వుతారని కుడిచేత్తో నెట్టుకొస్తున్నాను. ఆ కుడిచెయ్యి అక్కడ దూరలేదు. నట్టును నోటికొచ్చినట్టు తిట్టి టార్చి వేశాను. దూలం మీద పెన్సిల్ రాత, పెదనాన్నదే.

“విప్పేవాళ్లకు: ఇది కుడిచేతికి అందదు, క్షమించాలి. ఎడంచేతివాటమైతే సుఖం. తొందరపడొద్దు. మంచినీళ్లు తాగి మొదలుపెట్టండి.”

నీళ్లు తాగాను. యజమాని చూస్తుండగానే ఎడంచెయ్యి పెట్టాను. నట్టు కిక్కురుమనకుండా వచ్చేసింది. వెంటనే ఫోన్ చేశాను.

“పెదనాన్నా, అన్ని పడవల్లోనూ ఇలాగే రాశారా?”

“రాయకపోతే వాడికెలా తెలుస్తుంది?”

“మరి ఎడంచెయ్యి సంగతో?”

“నీ ఐదేళ్లప్పుడు ఎడంచేత్తో నా స్పానర్ లాక్కున్నావు చూడు, అప్పట్నుంచీ రాస్తున్నా.” ఆ వెంటనే అడిగారు. “తిట్టుకున్నావా?”

“ఒక్కసారి. నట్టుని.”

“అయితే పర్లేదు. కొత్తది మొత్తం బిగించెయ్యకు. ఇవాళ్టికి కాస్తే.”