నూలు పోగుల్లో కోడిపిల్లలు

గుడియాత్తంలో ఎక్కిన వేలూరు బస్సు పళ్ళికొండ దాటగానే చెడిపోయింది. పొద్దెక్కినా పుష్యమాసపు మంచు విడలేదు. అందరం దిగి రోడ్డు పక్క టీకొట్టు చుట్టూ చేరాం. నా పక్క మనిషి టీ అడగలేదు, వేడినీళ్లు అడిగాడు. సీసాలో పోయించి, పాత లుంగీలో చుట్టి, చంకలోని వెదురుగంపలో పెట్టాడు. గంపలో కిచకిచలు.

"ఎన్ని పిల్లలు?" అన్నాను.

"తొమ్మిది సామీ. మొన్న అరవై."

పేరు చెంగల్రాయలు. ముప్పై ఏళ్లు లుంగీలు నేశాడు. మగ్గం ఆగిపోయాక కోళ్లు పెంచుదామనుకున్నాడు. భార్య అలివేలమ్మకు దగ్గు, అందుకని ఇంట్లో కాకుండా పెరట్లో తడిక చుట్టి, బల్బు వేలాడదీసి, పైన టార్పాలిన్ కప్పాడు.

టీకొట్టు కాళియమ్మ నవ్వింది. "నేసేవోనికి కోళ్లెందుకప్పా? వాటికీ లుంగీ కట్టినావా?"

"అట్లాంటి పనే చేసినానక్కా. కింద వరిఊక పరవమనింది నా పెండ్లాము. నూలుకంటే మెత్తనిది యాడుండాదని నవ్వి, మగ్గం కింద మిగిలిన పోగులన్నీ పరిచినా. పొద్దున టార్పాలిన్ ఎత్తితే, కాళ్లకు పోగులు చుట్టుకోని ఉండాయి. బల్బు కిందికి జరగలేక చానామటుకు చలికి అట్లనే బిగుసుకుపోయినాయి. కత్తెరతో కోసి కోసి ఇవి మిగిల్చినా. అప్పట్నుంచి నా పెండ్లాము నాతో మాట్లాడలేదు."

విరించిపురంలో ఆయన చెల్లెలు పాపాతి ఇంట్లో కోడిపెట్ట ఒకటి పిల్లలతో ఉందట. వీటినీ దాని రెక్కల కిందికి తోస్తే బతుకుతాయని ఆశ. "ఈ తొమ్మిదన్నా నిలబడితే మళ్లా ఆమె ముందర కూచోని అన్నం తింటా."

ఊరుకోలేని నోరు నాది. ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మట్టి కొలుముల్లో గుడ్లు పొదిగించేవారని, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి ఎంతో చెప్పేవారని ఎప్పుడో చదివింది ఎత్తుకున్నాను.

"వాళ్లిండ్లలో మగ్గాలు ఉండవేమో" అన్నాడు. అయినా మర్యాదకు విన్నాడు.

నేను నైలునది దాటి ఇంకెక్కడికో పోతుండగా కిచకిచలు పలచబడ్డాయి. ఆయన గంపలో చెయ్యి పెట్టాడు. సీసా మూత సరిగా పట్టక నీళ్లు కారాయి. లుంగీ తడిసి చల్లబడింది. రెండు పిల్లలు కదలడం లేదు. వాటిని తీసి బల్లమీద పక్కపక్కనే పడుకోబెట్టాడు. చొక్కా గుండీలు విప్పి, తక్కిన ఏడింటినీ ఒక్కొక్కటిగా ఒంటికి ఆనించుకుని, మీద తువ్వాలు బిగించాడు.

"ఇంకో బస్సు వస్తుందప్పా" అన్నాను.

ఆయన ఖాళీ గంప అక్కడే వదిలేసి, రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకుని, విరించిపురం దిక్కుగా రోడ్డు పట్టి నడిచిపోయాడు.