కిటికీ కింది బల్ల

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. ముప్పై ఏళ్లు స్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. వేడి ఊరికే పుట్టదని పిల్లల చేత రాయించాను.

మా ఆయన రిటైరయ్యాక, కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. లోపల మా ఇద్దరికీ ఒక మంచం, కిటికీ కింద ఇంకో మనిషి పట్టే బల్ల, దాని మీద పల్చటి పరుపు. డిసెంబరులో దాన్ని అనంతగిరి దగ్గర ఒక కాఫీ తోటలో పెట్టుకున్నాం. అక్కడ కరెంటు లేదు.

చలికి మా ఏర్పాట్లు మేం చేసుకున్నాం. గోడలకి థర్మాకోల్, నేల మీద పాత గొంగళ్లు, పక్కలో వేణ్నీళ్లు పోసిన రబ్బరు సంచులు. తోట యజమాని సోమన్న వచ్చి చూసి ఒకటే మాట అన్నాడు.

"తలుపులేసీసి లోన నిప్పెట్టుకోకండమ్మా. తెలీకుండానే పానం పోద్ది."

మేం పెట్టలేదు. కుంపటి ఎప్పుడూ బయటే ఉండేది.

మొదటి రోజు తెల్లారి చూస్తే థర్మామీటరు లోపల తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. రబ్బరు సంచులు చల్లారిపోయాయి. దుప్పటి మడతపెడుతూ బల్ల మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. మనిషి పడుకుని అప్పుడే లేచిన చోటులా, మనిషంత పొడుగున. అంచు చెక్క మాత్రం చల్లగానే ఉంది.

మా ఆయనా చెయ్యి పెట్టి చూశారు. "ఏటే, ఇక్కడెవరు పడుకున్నారు?" అని నవ్వారు. పరుపు ఎత్తి చూశాం. కింద అరలో రెండు బకెట్లు, అంతే. మర్నాడూ అలాగే ఉంది.

మూడో రోజు మబ్బు పట్టి ఎండే రాలేదు. భోజనమయ్యాక ఆయన వణుకుతూ, "ఊరికే వస్తున్న వేడి, వదులుకోడం ఎందుకు?" అంటూ ఆ బల్ల మీద పడుకున్నారు. వద్దనాలనిపించింది. ఏమని వద్దనను? తలుపు తెరిచే ఉంది. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

టీకి లేపితే లేవలేదు.

సోమన్న జీపులో గంటన్నర ఘాట్ రోడ్డు. ఆయన ఒళ్లు వెచ్చగా ఉంది. అందుకే దారంతా చేతులు రుద్దుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో డాక్టరు, గుండె ఆగి చాలాసేపైందన్నాడు. "వెచ్చగా ఉన్నారు, మళ్లీ చూడండి" అని అరిచాను. డాక్టరు చెయ్యి వేసి చూసి, నర్సు మొహంలోకి చూశాడు. మళ్లీ ప్రయత్నించారు. లాభం లేకపోయింది. గుండెపోటని రాశారు.

మర్నాడు పొద్దున విశాఖలో మా ఇంటి దగ్గర ఆయనకి స్నానం చేయించిన మా మరిది బయటికొచ్చి, "నీళ్లు చన్నీళ్లే వదినా. ఒళ్లే వేడిగా ఉంది" అని కూలబడ్డాడు.

ట్రైలర్ అమ్మినతనికి ఫోన్ చేశాను. అందులో ఎవరికీ ఏమీ కాలేదన్నాడు. నమ్మాలో లేదో తెలియలేదు.

నెల తర్వాత సామాన్లు తెచ్చుకోడానికి తోటకి వెళ్లాను. సోమన్నని బయటే ఉండమని, ఆ బల్ల మీద చెయ్యి పెట్టాను. చల్లగా, ఇనుములా ఉంది. వెచ్చబడుతుందేమోనని చాలాసేపు అలాగే ఉంచాను.

ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో, ఆయనతో పాటు ఎటు పోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు.